తంత్రీవాద్య నిర్మాణము – చేతి పనితనము

సంగీత సభలో వాద్యమును వాయించినవానిని మనము మెచ్చుకొందుము. కృతిని రచించిన వాగ్గేయకారుని స్మరింతుము. కాని ఆ వాద్యమును చేసిన పనివానిని తలచువారు అరుదు. కొయ్య తనంతట తాను పలుకదు. ఎక్కడ ఎంత చెక్కవలెనో, ఎక్కడ ఉలిని ఆపవలెనో తెలిసిన చేయి దానికి కావలెను. ఉర్దూలో హునర్ అనియు, తెలుగున పనితనము అనియు చెప్పబడునది ఇదియే. వయొలిన్, వీణ, కిన్నెర అను మూడు తంత్రీవాద్యముల నిర్మాణమును పోల్చి, ఆ పనితనపు స్వరూపమును గ్రహించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విషయము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడివడియున్న పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో అనేక విధములైన వీణలను పేర్కొనెను. అన్ని వీణలు ఉండెననగా వాటిని చేయు చేతులును ఉండెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మొదట వయొలిన్‌ను పరిశీలింతము. ఈ వాద్యము 16వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో రూపుదిద్దుకొనెను. క్రెమోనా నగరమున ఆండ్రియా అమాతి దీనికి చక్కని ఆకృతినొసగెను. 1737లో మరణించిన ఆంటోనియో స్ట్రాడివారి దానిని పరాకాష్ఠకు చేర్చెను. దక్షిణదేశమున ముత్తుస్వామి దీక్షితుల సోదరుడగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దీనిని కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచినవారిలో ప్రథములు. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పక్కవాద్యముగానున్న వయొలిన్‌కు ప్రధాన కచేరీ గౌరవమును చేకూర్చెను.

తీగ సన్ననిది, అది ఎంత కదలినను గాలిని బలముగా కదిలింపజాలదు. కమాను రాపిడిచే తీగ కంపించును. ఆ కంపనము గుఱ్ఱము ద్వారా పైపలకకు చేరును. పలక తన చుట్టునున్న గాలిని కదిలించును. కావున పలక తేలికగాను, బిగువుగాను ఉండవలెను. ఈ రెండు గుణములును కలిసియున్న స్ప్రూస్ అను శీతల ప్రదేశపు చెట్టు కొయ్యను పైపలకకు వాడుదురు. వెనుక పలకకు, ప్రక్కలకు, మెడకు గట్టిదైన మేపుల్ కొయ్యను వాడుదురు. కోసిన కొయ్యను ఏండ్ల తరబడి నీడలో ఆరనిత్తురు. పచ్చి కొయ్యతో చేసిన వాద్యము పిదప వంకరపోవును, బీటలు వారును.

ప్రక్కలకు వాడు పట్టీలు సుమారు 1 మిల్లీమీటరు మందమే ఉండును. వాటిని తడిపి, కాచిన ఇనుముపై మెల్లగా వంచి, అచ్చు చుట్టును అమర్చుదురు. పలకలు వంచినవి కావు. దళసరి చెక్క నుండి ఉలితోను, బొటనవ్రేలంత చిత్రికతోను ఉబ్బుగా చెక్కినవి. పైపలక చివరకు సుమారు 3 మిల్లీమీటర్ల మందమునకు దిగును. పనివాడు పలకను రెండు వ్రేళ్ళతో పట్టి, తట్టి, పలుకును వినును, మరల కొంచెము గీకును, మరల వినును. ఒక్క గీత ఎక్కువ గీకినచో తీసినది తిరిగి రాదు. పైపలక లోపల మంద్రపు తీగ వైపున ఒక సన్నని కొయ్యబద్దను అతికింతురు. తారపు తీగ వైపున రెండు పలకల నడుమ ఒక చిన్న నిలువు కడ్డీని నిలుపుదురు. ఇటలీ దేశీయులు ఆ కడ్డీని ఆత్మ అను అర్థమిచ్చు మాటతో పిలుతురు. అది రవ్వంత జరిగినను వాద్యపు గొంతు మారును.

అన్ని భాగములను తోలు మొదలగువానితో కాచిన వజ్రముతో అతుకుదురు. ఈ జిగురు తేమకును వేడికిని వీడును. ఇది లోపము కాదు. వాద్యమును విప్పి, బాగుచేసి, మరల మూయుటకు ఇదియే మార్గము. మూడు వందల ఏండ్ల వయొలిన్లు నేటికిని పలుకుచున్నవన్నచో అందుకు ఇదియొక ముఖ్య కారణము.

ఇక మన తెలుగునాటి బొబ్బిలి వీణ. బొబ్బిలి సమీపమునగల గొల్లపల్లి పనివారు పనస దుంగను ఎన్నుకొందురు. వయొలిన్ అనేక ఖండముల కూర్పు; ఏకాండ వీణ అట్లు కాదు. కుండ, దండి మొదలగు భాగములు ఒకే దుంగ నుండి వెలువడవలెను. దుంగను తొలిచి కుండను డొల్ల చేయునప్పుడు బీట పడినచో శ్రమ అంతయు వ్యర్థమే. పిదప దండిపై మైనమును పరచి, 24 మెట్లను ఒక్కొక్కటిగా చెవితో విని నిలుపుదురు. దీనినే మేళము కట్టుట అందురు. మైనము వేడికి మెత్తబడును గనుక మేళమును అప్పుడప్పుడు మరల కట్టవలసియుండును. ఈ వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మూడవది తెలంగాణపు కిన్నెర. వెదురు దండి, సొర బుర్రలు, తీగలు దీని అంగములు. ఇందును మెట్లను నిలుపునది మైనమే. రాజాస్థానముల వీణకును, ఊరూర తిరుగు కళాకారుని కిన్నెరకును ఈ బాంధవ్యము గమనింపదగినది. 12 మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. క్రెమోనాలో 1938 నుండి వయొలిన్ నిర్మాణమును నేర్పు పాఠశాల కలదు. 2012లో యునెస్కో ఆ పనితనమును మానవజాతి వారసత్వముగా గుర్తించెను. అచ్చట కొలతలు కాగితముపై ఉన్నవి. దూరదేశపు విద్యార్థియు వచ్చి నేర్చుకొనవచ్చును. మన వీణ, కిన్నెరల విద్య ప్రధానముగా తండ్రి నుండి కుమారునకు, చేతి నుండి చేతికి సాగినది. కుమారుడు వేరు వృత్తికి పోయిన ఇంట ఆ విద్య ఒక్క తరములోనే ఆగిపోవును. పనస చెట్టును మరల నాటవచ్చును. పలకను తట్టి వినిన చెవిని మరల నాటలేము. జనగామ చెంతనున్న పెంబర్తి లోహశిల్పమునకును ఇదే మాట వర్తించును.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థులకు ఇందు చేయదగిన పని కలదు. మీ ఊరి వాద్యకారుని యొద్దకు పొండు. ఆ వాద్యము ఏ కొయ్యతో, ఏ తోలుతో, ఏ తీగతో చేయబడినదో అడుగుడు. కొలతలు తీసి, పనిముట్ల పేర్లు ఆయన నోటి మాటలలోనే వ్రాసికొనుడు. వీలైనచో ప్రక్కన కూర్చుండి ఒక మెట్టునైనను మైనమున నిలిపి చూడుడు. పురస్కారము కళాకారునికి గౌరవమును తెచ్చును. విద్యకు ఆయువును పోయునది మాత్రము శిష్యుడే.