ఒకే చెంబుతో రెండింటికీ నీళ్లా?

ప్రశ్న: మేముండేది బంజారా హిల్స్‌లో, నాలుగో అంతస్తు. పడమటి బాల్కనీలో గుండుమల్లె ఒకటి, రాణి రంగు కాగితం పూల మొక్క ఒకటి ఉన్నాయి. రెండూ కడియం నుంచి వచ్చినవే. మా అత్తగారు రోజూ పొద్దున్నే చెరో చెంబెడు నీళ్లు పోస్తారు. కాగితం పూల మొక్క తెచ్చినప్పుడు ఆకు కనపడనంతగా పూసింది, ఇప్పుడు బారెడు కొమ్మలు, ఆకులే. మల్లె ఆకులేమో పసుపెక్కుతున్నాయి, మే నెలలోనూ దోసెడు పూలు రాలేదు. నీళ్లు పెంచాలా, తగ్గించాలా?
– ఒక గృహిణి, బంజారా హిల్స్

జవాబు: కాగితం పూల చెంబు మాన్పించండి. అత్తగారికి నొప్పి కలగకుండా మీరే ఏదో ఒకటి చెప్పుకోండి.

ఆ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ ఓడల్లో వెళ్లిన వృక్షశాస్త్రవేత్త కామర్సన్ దాన్ని 1767లో రియో డి జనీరో దగ్గర చూశాడు. నావికుడి పేరే మొక్కకూ వచ్చింది. నీళ్లు పుష్కలంగా దొరికితే కొమ్మలు సాగుతాయి, ఎద్దడి తగిలితే పూస్తుంది. మీ పేటలో బండల మీద కట్టిన పాత బంగళాల ప్రహరీలు చూడండి, ఎవరూ పట్టించుకోని తీగే విరగబూసి ఉంటుంది. మట్టి బాగా ఆరి, లేత కొసలు కాస్త వాలాకే నీళ్లు పోయండి. పోసినప్పుడు మాత్రం కింది కన్నంలోంచి కారేదాకా పోయాలి. యూరియా జోలికి పోవద్దు. వానలు వెనకబట్టాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి, పూత వచ్చేది కొత్త చిగుళ్ల మీదే. అన్నట్టు, మనం మెచ్చుకునే ఆ రాణి రంగువి పూరేకులు కావు, రంగు తిరిగిన ఆకులు. అసలు పువ్వు వాటి మధ్య ఉండే సన్నటి తెల్ల గొట్టం.

మల్లెకూ ఎద్దడి కావాలి, కానీ ఏడాదికి ఒక్కసారే, అదీ చలికాలంలో. నవంబరు చివర నీళ్లు తగ్గించి, ఆకు దూసేసి, డిసెంబరులో మోకాలెత్తున కత్తిరించండి. తర్వాత పైమట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు మొదలుపెట్టండి. ఎండలు ముదిరేసరికి మొగ్గ తొడుగుతుంది. అక్కణ్ణుంచి మొగ్గలున్నన్నాళ్లూ కుండీ ఎండిపోకూడదు. పడమటి ఎండలో మే నెలంతా సాయంత్రం కూడా తడపాల్సి రావచ్చు.

ఇక ఆ పసుపు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి నడిమి భాగం పాలిపోతే అది ఇనుము లోపం. మీరు పోసేది బోరు నీళ్లయితే నా అనుమానం దాని మీదే. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లు నెలల తరబడి పోస్తే మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రంపూట ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకోసారి, రెండు మూడు సార్లు చాలు. నల్లా వచ్చినప్పుడు ఒక బకెట్ మల్లె కోసం పట్టిపెట్టండి. అలా కాక ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కి రాలుతుంటే కుండీ అడుగున నీళ్లు నిలుస్తున్నట్టే. కన్నం మూసుకుపోయిందేమో చూడండి.

రెండింటికీ ఐదారు గంటల ఎండ ఉండాలి కాబట్టి బాల్కనీ మార్చే పని లేదు. కుండీలు మాత్రం దూరదూరంగా పెట్టండి, చేయి జారి ఒకదాని నీళ్లు రెండోదానికి పోకుండా.

ప్రశ్న: మల్లె మొగ్గలు విచ్చకముందే ఊదారంగుకు తిరిగి ఎండిపోతున్నాయి. ఎందుకని?
– ఒక పాఠకుడు, పంజాగుట్ట

జవాబు: మొగ్గ ఈగ పని. రంగు మారినవన్నీ తుంచి, కవరులో మూటగట్టి పారేయండి, కుండీలో పడేయొద్దు. దాని పిల్లపురుగులు మట్టిలోకే దిగుతాయి కనుక పైమట్టి తిరగేసి ఎండ తగలనివ్వండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి చల్లండి.

ప్రశ్న: అమీర్‌పేటలో మా గదికి ఎండ వచ్చేది రెండు గంటలే. మల్లె కొననా, కాగితం పూలు కొననా?
– ఒక ఉద్యోగార్థి

జవాబు: రెండూ వద్దు, ఆకులే మిగులుతాయి. నందివర్ధనం తెచ్చుకోండి, కొంత నీడను ఓర్చుకుంటుంది. పరీక్షల హడావిడిలో రెండు రోజులు నీళ్లు మరిచినా తట్టుకుంటుంది.