గొట్టం ద్వారా ఆహారం – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



ముక్కులో గొట్టం వేయాలని చెప్పగానే చాలామంది బంధువులు "ఇక ఆశ లేదా, డాక్టరుగారూ?" అని మమ్మల్ని అడుగుతుంటారు. గొట్టం వేయడమంటే ఆఖరి దశ వచ్చిందని కాదు. మింగలేని వారికి ఆహారం, నీరు, మందులు అందించే దారి అది. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి కొన్ని వారాలలో మింగే శక్తి తిరిగి వస్తుంది. అప్పుడు గొట్టం తీసివేస్తాము. అయితే గొట్టం ఉండవలసిన చోట లేకపోతే అదే ప్రాణానికి ముప్పు తెస్తుంది. అందుకే ఈ పాఠం.

ఎవరికి అవసరం?

పక్షవాతం, తలకు గాయం, నోటి లేక గొంతు క్యాన్సర్ వంటి జబ్బులలో మింగడం కష్టమవుతుంది. మనం మింగేటప్పుడు శ్వాసనాళం మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే ఆహారం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా వస్తుంది. కొందరికి పొలమారదు, దగ్గు కూడా రాదు. అందువల్ల ఇంటివారు "బాగానే మింగుతున్నాడు" అనుకుంటారు.

రెండు రకాల గొట్టాలు

మొదటిది ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి వేసే రైల్స్ ట్యూబ్. 1921లో దీనిని వివరించిన ఇంగ్లాండు వైద్యుడు జాన్ రైల్ పేరే దానికి వచ్చింది. ముక్కు కొన నుండి చెవి తమ్మె వరకు, అక్కడ నుండి రొమ్ము ఎముక కింది కొన వరకు కొలిచి, అంత పొడవు లోపలికి పంపుతాము. ఒక్కొక్కసారి గొట్టం శ్వాసనాళంలోకి వెళ్లవచ్చు. కనుక లోపలి ద్రవాన్ని కొద్దిగా లాగి పి.హెచ్. కాగితంతో పరీక్షించాలి. 5.5 లేక అంతకన్నా తక్కువ వస్తే అది జీర్ణాశయంలోని ఆమ్లమని గుర్తు. సందేహముంటే ఎక్స్‌రే తీయాలి. గాలి పంపి స్టెతస్కోపుతో శబ్దం వినడం ఒక్కటే చాలదు.

నాలుగు నుండి ఆరు వారాలకు మించి గొట్టం అవసరమైతే, ఎండోస్కోపీ సహాయంతో పొట్ట గోడ ద్వారా నేరుగా జీర్ణాశయంలోకి పెగ్ ట్యూబ్ వేస్తారు. ఈ పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో డాక్టర్ గాడెరర్, డాక్టర్ పాన్‌స్కీ మొదటిసారి ఒక పసిబిడ్డకు ఉపయోగించారు. పెద్ద ఆపరేషన్ అక్కరలేదు.

ఆహారం పోసే ప్రతిసారీ

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.

2. ముక్కు దగ్గర గొట్టం మీద ఉన్న అంకెను చూడండి. ఇంటికి పంపేటప్పుడు మేము రాసి ఇచ్చిన అంకె అదేనా? ప్లాస్టరు ఊడిందా? నోరు తెరిపించి, గొంతులో గొట్టం చుట్టుకుని ఉందేమో టార్చిలైటుతో చూడండి. వాంతి లేక గట్టి దగ్గు వచ్చిన తర్వాత మరీ జాగ్రత్త. తేడా కనిపిస్తే ఏమీ పోయకండి.

3. తల, ఛాతీ 30 నుండి 45 డిగ్రీలు ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టండి. పోసిన తర్వాత కూడా గంటసేపు అలాగే ఉంచండి. పడుకోబెట్టి పోయవద్దు.

4. ముందు 30 మి.లీ. మంచినీరు పోయండి. తరువాత డాక్టరు చెప్పిన కొలత ప్రకారం ఆహారాన్ని 15, 20 నిమిషాలలో దానంతటదే దిగనివ్వండి. సిరంజితో బలంగా నెట్టవద్దు. చివర మళ్లీ 30 మి.లీ. నీరు పోయండి.

జావ, పప్పుకట్టు, పాలు ఏవైనా పలుచగా చేసి, వడకట్టి, గోరువెచ్చగా ఇవ్వండి. ఎప్పటికప్పుడు తాజాగా చేయండి. వట్టి జావతో బలం చాలదు. ఆహార నిపుణులు ఇచ్చిన పట్టిక పాటించండి. నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయాలి.

ఇబ్బందులు వస్తే

గొట్టం మూసుకుపోతే: గోరువెచ్చని నీటిని పెద్ద సిరంజితో మెల్లగా పంపుతూ, లాగుతూ ప్రయత్నించండి. తీగ, పుల్ల దూర్చవద్దు. మాత్రలను మెత్తగా నూరి, ఒక్కొక్కటి విడిగా నీటిలో కలిపి ఇవ్వండి. కొన్ని మాత్రలు నూరకూడదు, ముందుగా అడగండి.

రైల్స్ ట్యూబ్ ఊడిపోతే: ఇంట్లో తిరిగి వేయవద్దు, ఆసుపత్రికి రండి. ఒక పూట ఆహారం ఆలస్యమైతే తట్టుకోవచ్చు. ఊపిరితిత్తులలోకి పోసిన ఒక్క గ్లాసు ప్రాణం తీయవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి మాత్రం ఆహారం తప్పితే షుగర్ పడిపోతుంది. వెంటనే మాకు తెలియజేయండి.

పెగ్ ట్యూబ్ ఊడిపోతే: ఆ రంధ్రం కొన్ని గంటలలోనే మూసుకుపోవచ్చు. శుభ్రమైన గుడ్డ కప్పి అదే రోజు, అదే గంట బయలుదేరండి. వేసిన మొదటి నెలలో ఊడితే మరింత ప్రమాదం.

ప్రేమతో చేసే పొరపాటు

"పాపం, నోరు ఎండిపోతోంది" అని నర్సు లేనప్పుడు చెంచాడు టీ పోసేవారున్నారు. ప్రేమతోనే పోస్తారు, కాని అది ఊపిరితిత్తులకు చేరవచ్చు. తడి గుడ్డతో పెదవులు తుడవండి. పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చే సందర్భంలో కూడా, రోగి మింగగలడో లేదో ముందుగా డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఆహారం పోస్తుండగా దగ్గు, ఆయాసం, పెదవులు నీలంగా మారడం, జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, గొట్టం చుట్టూ ఎరుపు, చీము. పెగ్ వేసిన మొదటి మూడు రోజులలో పోసేటప్పుడు నొప్పి, రక్తం, పక్కనుండి కారడం కనిపించినా సరే. వీటిలో ఏది ఉన్నా ఆహారం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆయాసం ఎక్కువగా ఉంటే 108కి ఫోన్ చేయండి.

యాయీరు కుమార్తెను లేపిన తరువాత ఆమెకు తినడానికి పెట్టమని మన ప్రభువు చెప్పిన సంగతి మీకు తెలుసు. ఆకలి తీర్చడం కూడా స్వస్థతలో భాగమే. రాత్రింబగళ్లు గొట్టంతో ఆహారం పోస్తూ అలసిపోయిన కుటుంబం మీ సంఘంలో ఉంటే వారికోసం ప్రార్థించండి. ఇద్దరు ముగ్గురు మా నర్సుల దగ్గర ఈ పని నేర్చుకుని, వారానికి ఒక పూటైనా వారికి విశ్రాంతి ఇవ్వండి.