ర్యామ్ మీది అంకెలు: దేనికి డబ్బు పెట్టాలి?

పిల్లల చదువుకో, దుకాణం లెక్కలకో, ఏదైనా పాఠశాలకు విరాళంగానో కంప్యూటర్లు కొనేవారు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు. కొటేషన్‌లో ర్యామ్ పక్కన సీఎల్16, సీఎల్22, సీఎల్36 వంటి అంకెలు కనిపిస్తాయి. అంకె తగ్గితే వేగం పెరుగుతుందని అంటారు. అందులో సగమే నిజం.

ర్యామ్‌లో సమాచారం అడ్డవరుసలు, నిలువు వరుసల గడుల్లో ఉంటుంది. ప్రాసెసర్ అడిగినప్పుడు ముందు అడ్డవరుస తెరుచుకోవాలి, తర్వాత నిలువు వరుసను ఎంచుకోవాలి. ఆ రెండో ఆదేశం అందాక మొదటి సమాచారం బయటికి వచ్చేదాకా పట్టే ఆలస్యమే క్యాస్ లేటెన్సీ, అంటే సీఎల్.

అయితే సీఎల్ సమయం కాదు, క్లాక్ సైకిళ్ల లెక్క. ర్యామ్ వేగం పెరిగేకొద్దీ ఒక్కో సైకిల్ చిన్నదవుతుంది. అసలు ఆలస్యం తెలియాలంటే సీఎల్‌ను 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగించాలి. జవాబు నానోసెకన్లలో వస్తుంది.

డీడీఆర్4-2133, సీఎల్15: సుమారు 14
డీడీఆర్4-3200, సీఎల్22: 13.75
డీడీఆర్4-3200, సీఎల్16: 10
డీడీఆర్5-6000, సీఎల్36: 12

చూడండి, సీఎల్36 ఉన్నది సీఎల్15 కన్నా ముందే జవాబిస్తోంది! కాబట్టి ఒకే వేగం ఉన్న ర్యామ్‌ల మధ్యనే సీఎల్ అంకెలను నేరుగా పోల్చాలి.

ఇంతకీ ఈ తేడా పనిలో ఎంత కనిపిస్తుంది? తరచుగా కావలసిన సమాచారాన్ని ప్రాసెసర్ తన క్యాష్‌లోనే ఉంచుకుంటుంది కనుక ప్రతిసారీ ర్యామ్ దాకా వెళ్లదు. కొన్ని ఆటల్లో, భారీ లెక్కల్లో కొంత తేడా ఉంటుంది. టైపింగ్, ఖాతాలు, ఆన్‌లైన్ పాఠాల్లో అది మనకు తెలియదు.

ర్యామ్ చాలకపోతే మాత్రం వెంటనే తెలుస్తుంది. అప్పుడు కంప్యూటర్ డిస్కు మీద ఆధారపడుతుంది. ర్యామ్ నుంచి సమాచారం రావడానికి మొత్తం కలిపి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఎస్ఎస్‌డీకి దాదాపు లక్ష, పాత హార్డ్‌డిస్కుకు దాదాపు కోటి నానోసెకన్లు పడతాయి. దీని ముందు సీఎల్16కూ సీఎల్22కూ ఉన్న తేడా నాలుగు నానోసెకన్లు కూడా లేదు.

ఈ పొరపాటు మేమూ చేశాం. ఒకసారి పిల్లల కోసం తక్కువ సీఎల్ చూసి 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్కు ఉన్న కంప్యూటర్లు తీసుకున్నాం. తెర తెరుచుకునేలోపు పాఠం సమయం కరిగిపోయేది. తర్వాత అవే కంప్యూటర్లకు మరో 4 జీబీ, ఎస్ఎస్‌డీ వేయించాం. పిల్లలు ఎదురుచూడడం తప్పింది.

కొనేముందు ఈ వరుసలో చూడండి. మొదట సరిపడా ర్యామ్, ఎస్ఎస్‌డీ. తర్వాత, బోర్డుకు రెండు చానళ్లుంటే, ఒకే రకం ర్యామ్ రెండు ముక్కలుగా. వేర్వేరువి కలిపితే సాధారణంగా రెండూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. సీఎల్ ఆ తర్వాతే. ఎక్కువ వేగం గల ర్యామ్ కొంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయించండి. లేకుంటే పెట్టిన డబ్బుకు తగిన వేగం రాదు.

కొటేషన్ చేతికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఈ భాగహారం చేయండి. మిగిలిన డబ్బుతో మరో విద్యార్థికి కంప్యూటర్ అందవచ్చు.