తలుపుకి గొళ్లెం ఉందా?

వరద బాధితుల శిబిరం అనుకోండి. మరుగుదొడ్లు గుడారాల వరస చివర ఎక్కడో ఉన్నాయి. దీపం లేదు, తలుపుకి లోపలి గొళ్లెం లేదు. చీకట్లో అటు వెళ్లాలంటే భయం వేసి ఆడపిల్లలు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. బియ్యం, మందులు వేళకే అందినా వాళ్లకి రక్షణ లేనట్టే. సహాయ సంస్థల్లో ఆ గొళ్లెం సంగతి పట్టించుకునే ఉద్యోగి పేరు ప్రొటెక్షన్ ఆఫీసర్.

ఈ పనికి రాసిపెట్టుకున్న ప్రమాణాలున్నాయి. 1994లో మారణహోమం జరిగిన రువాండా నుంచి లక్షల మంది పొరుగు దేశంలోని గోమాకి పారిపోయారు. అక్కడి శిబిరాల్లో వేలమందిని కలరా పొట్టనపెట్టుకుంది. ఆ మారణహోమం చేసినవాళ్లే శిబిరాల్లో చేరి పెత్తనం చలాయించారు. ఆ చేదు అనుభవంలోంచే 1997లో, సహాయానికి కనీస ప్రమాణాలు రాసే స్ఫియర్ ప్రాజెక్టు మొదలైంది. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి లాంటి లెక్కలు దాని హ్యాండ్‌బుక్‌లోవే. లెక్కలకంటే ముందు అందులోని నాలుగు రక్షణ సూత్రాలు చదవండి. మొదటిదే అసలైనది: మన సాయం వల్ల ఎవరికీ కొత్త హాని రాకూడదు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2009లో తెచ్చిన వృత్తి ప్రమాణాలు కూడా చదవాల్సినవే. బాధితుల వివరాలు ఎలా సేకరించాలి, ఎలా దాచాలి అన్నది వాటిలో ఉంటుంది.

ఎంఎస్‌డబ్ల్యూ, లా, సైకాలజీ చదివినవాళ్లకి ఈ దారి దగ్గర. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో విపత్తు అధ్యయనాల విభాగం ఉంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం ఉంది. స్ఫియర్ కోర్సు ఆన్‌లైన్లో ఉచితం. అన్నిటికంటే ముందు, ఈసారి తుఫానుకి మీ ఊరి బడి పునరావాస కేంద్రమైతే చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి చూడండి. ఏ సర్టిఫికెట్టూ నేర్పనిది అక్కడ కనిపిస్తుంది.

ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి ఇలాంటి ప్రశ్న ఊహించుకుని వెళ్లండి: ‘రేషన్ కావాలంటే నాతో రావాలన్నాడని ఒకావిడ మీ వాలంటీరు గురించి చెప్పింది. ఏం చేస్తారు?’ వెంటనే వాణ్ని నిలదీస్తానంటారు చాలామంది. ఆవేశం న్యాయమైనదే కానీ, అలా చేస్తే ఆవిడ పేరు బయటపడుతుంది. ఆవిడ చెప్పింది విని, గుచ్చి గుచ్చి అడగకుండా, ఏ సాయం కావాలో ఆవిడనే అడగాలి. ఒప్పుకుంటే వైద్యానికో న్యాయ సహాయానికో పంపాలి. సంస్థలో ఫిర్యాదులు చూసేవారికి ఆ రోజే గోప్యంగా తెలపాలి. విచారణ వాళ్ల పని. ఈలోపు ఆవిడ రేషన్ ఆగకుండా చూడటం మీ పని.