ప్రశ్నలు - జవాబులు: మేకప్ పెట్టెలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్ర: రెండేళ్ల కిందట నా పెళ్లికి మేనత్తలు, పిన్నులు కలిసి పెద్ద మేకప్ పెట్టె కొనిచ్చారు. అందులో కొన్ని ఆ రోజు ఒక్కసారి వాడినవి, కొన్నిటికి సీలు కూడా తీయలేదు. వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి. అవే మళ్లీ వాడుకోవచ్చా? అన్నీ ఖరీదైనవి, పారేయడానికి మనసొప్పడం లేదు.
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జ: ముందు ఆ పెట్టె మొత్తం మంచం మీద పాత దుప్పటి పరిచి బోర్లించండి. సీలు తీయనివి ఒక పక్క, తీసినవి ఒక పక్క పెట్టండి. ఈ రెండింటికీ లెక్క వేరు.

సీలు ఉన్నవాటికి పెట్టె మీదో, సీసా అడుగునో ‘యూజ్ బిఫోర్’ అని నెల, సంవత్సరం ఉంటాయి. మన దేశంలో అమ్మే సౌందర్య సాధనాల మీద ఇది ఉండి తీరాలి. కొన్ని కంపెనీలు తయారీ తేదీ వేసి, అక్కడి నుంచి 24 నెలలనో 36 నెలలనో రాస్తాయి. ఆ గడువు దాటకుండా, ఎండ తగలని చోట ఉండి ఉంటే నిశ్చింతగా వాడుకోండి.

సీలు తీసినవాటికి మాత్రం ఆ తేదీ పనికిరాదు. వాటికి లెక్క మూత తీసిన రోజు నుంచి మొదలవుతుంది. చాలావాటి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ చిన్నగా వేసి, దానిలో 6M, 12M, 24M అని రాసి ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడుకోవచ్చని దాని అర్థం. ఒక్కసారే వాడాం కదా అనుకుంటారు చాలామంది. ఆ ఒక్కసారికే గాలి, వేలు, బ్రష్షు లోపలికి వెళ్లాయి. తర్వాత రెండేళ్లు అది సొరుగులో ఊరికే ఉన్నా, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది.

మీ పెట్టెలోంచి ముందు తీసేయాల్సింది మస్కారా, లిక్విడ్ ఐలైనర్. వీటి విషయంలో బేరమే వద్దు. మస్కారా బ్రష్షు కనురెప్పల వెంట్రుకలను తాకి, అక్కడి సూక్ష్మజీవులను మోసుకుని మళ్లీ తడిగా, చీకటిగా ఉండే గొట్టంలోకి వెళ్తుంది. వాడిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. అందులో వేసిన ప్రిజర్వేటివ్ కొంతకాలమే కాచుకోగలదు. అందుకే మస్కారా తెరిచిన మూడు నెలలకు మార్చేయమంటారు. బ్రష్షు కొస పొరపాటున నల్లగుడ్డు మీద గీరుకుందంటే, ఆ గీత లోంచి సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కంట్లో పుండు చేయగలదు. ఇలా పాడైన మస్కారాల వల్ల కార్నియా మీద పుండ్లు పడిన వాళ్ల గురించి 1977లోనే అమెరికా కంటి వైద్యులు రాశారు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, చూపుకంటే ఎక్కువ కాదు.

రెండేళ్ల కిందట తెరిచిన లిక్విడ్ ఫౌండేషన్, క్రీములు కూడా తీసేయండి. నీళ్లు కలిసిన ఏ వస్తువులోనైనా సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. పొడి వస్తువులు నయం. కాంపాక్ట్, ఐషాడో తడి తగలకుండా ఉంటే రెండేళ్ల దాకా వస్తాయి. పై పొరను టిష్యూతో గీకేసి చూడండి. కింద రంగు మామూలుగా ఉండి, చుక్కలు, గట్టి పెచ్చులు, ముక్క వాసన లేకపోతే ఈ పెళ్లికి వాడి, ఆ తర్వాత తీసేయవచ్చు. లిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. అందులో ఎక్కువ భాగం నూనెలు, మైనాలే. పాత నూనె వాసన వస్తే అది అయిపోయినట్టే.

ఈసారి కొన్నవాటికి ఒక పని చేయండి. మూత తీసిన రోజే చిన్న తెల్ల స్టిక్కరు మీద నెల, సంవత్సరం రాసి అడుగున అంటించండి. ఈ స్టిక్కరు ఉంటే పై ఏడాది ఏది ఎప్పుడు తెరిచామో తలచుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ప్ర: వేసవి వచ్చిందంటే నా లిప్‌స్టిక్‌ల మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న చుక్కలు వస్తున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది నిజం?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జ: అది నీరు కాదు, నూనె. చాలా లిప్‌స్టిక్‌లలో ఆముదం ఉంటుంది. వేడికి మైనం పట్టు సడలి, లోపలి నూనె పైకి వస్తుంది. చుక్కలు వచ్చినంత మాత్రాన పాడైనట్టు కాదు. టిష్యూతో మెల్లగా అద్ది, చల్లని చోట పెట్టండి. రంగు, వాసన మారకపోతే వాడుకోవచ్చు. పదే పదే మెత్తబడి గట్టిపడుతుంటే మాత్రం గరుకుగా, రవ్వరవ్వగా తయారవుతుంది.

ఇంట్లో చల్లని చోటు అంటే బీరువా కింది అర. బయటి గోడకు ఆనుకున్న బీరువా అయితే ఆ పక్క కాకుండా లోపలి పక్కన పెట్టండి. కిటికీ ఎదురుగా ఉన్న డ్రెస్సింగ్ టేబుల్ చూడ్డానికి ఎంత బాగున్నా మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. బాత్రూమ్ అసలు వద్దు. గీజర్ ఆవిరి రోజూ తగులుతుంటే పొడులు గడ్డకడతాయి, బ్రష్షులు ఆరవు. మన ఇళ్లల్లో చాలామంది ఫ్రిజ్ నెత్తి మీద బుట్ట పెట్టి అందులో కాంపాక్టు, బొట్టుబిళ్లలు వేస్తారు. ఫ్రిజ్ లోపల చల్లగా ఉన్నా, లోపలి వేడినంతా అది బయటికే వదులుతుంది కాబట్టి ఆ నెత్తి వెచ్చగానే ఉంటుంది.

అన్నిటికన్నా చెడ్డ చోటు స్కూటీ డిక్కీ. ఆఫీసుకు వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్, లిప్‌స్టిక్ అందులో పడేసి, బండిని రోజంతా ఎండలో నిలబెడుతున్నారు. మే నెలలో ఆ డిక్కీలో చెయ్యి పెడితే కాలుతుంది. సన్‌స్క్రీన్ అంత వేడికి విరిగి, నూనె వేరు, నీరు వేరు అయిపోతుంది. అలా విరిగినదాన్ని ఊపి రాసుకున్నా ముఖం మీద సమానంగా పరుచుకోదు. అంటే మీరు రాసుకున్నామనుకున్న చోట ఎండకు అడ్డు ఉండదు. దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలికి తీసుకెళ్లండి.

ఇక ఫ్రిజ్. విటమిన్-సి సీరం లాంటివి చల్లగా, చీకటిగా ఉంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి. లేత పసుపు సీరం ముదురు గోధుమ రంగులోకి తిరిగిందంటే దాని పని అయిపోయిందని అర్థం. కరిగిన లిప్‌స్టిక్‌ను గట్టిపరచడానికి కాసేపు పెట్టినా ఫరవాలేదు. పౌడర్లు పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. ఫౌండేషన్ మరీ చల్లబడితే విరిగిపోవచ్చు. దేన్నీ ఫ్రీజర్‌లో పెట్టకండి.

ప్ర: మా అత్తగారు ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మసి పట్టి, నెయ్యి కలిపి కాటుక చేస్తారు. మా ఆరు నెలల పాపకు రోజూ కళ్లకు పెడతారు, కళ్లు పెద్దవవుతాయని ఆవిడ నమ్మకం. అదే బరిణె నేనూ వాడతాను. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారేమోనని భయం.
(ఒక పాఠకురాలు, అనకాపల్లి)

జ: పాప కళ్లకు పెట్టడం మాత్రం ఈ రోజుతో ఆపించండి. కాటుక వల్ల కళ్లు పెద్దవి కావు. వేలి గోటి కింద ఉన్న మురికి పాప కంట్లోకి వెళ్తుంది. ఆ వయసులో కన్నీటి నాళం చాలా సన్నం, మసి, జిడ్డు దానికి అడ్డుపడితే కంట నీళ్లు కారడం, పుసులు కట్టడం మొదలవుతుంది. పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్లు అందరూ చెప్పే మాటే ఇది.

అత్తగారితో మీరు వాదించాల్సిన పని లేదు. టీకాకు వెళ్లేటప్పుడు ఆవిడను వెంట తీసుకెళ్లి, ‘అత్తయ్యగారూ, కాటుక సంగతి డాక్టరుగారిని మీరే అడగండి’ అనండి. పాప మీద ఆవిడ ప్రేమకు తోవ మూయకండి. దిష్టిచుక్క అరికాలికి పెట్టమనండి. అక్కడికి పాప చెయ్యి అంత తేలిగ్గా పోదు, నోట్లోకీ రాదు అనుకోకండి, ఆరు నెలల పిల్లలు కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటారు. అందుకే చుక్క చిన్నదిగా, మడమ వైపు పెట్టి, సాయంత్రం స్నానంలో కడిగేయండి.

మీరు వాడుకునేది వేరే సంగతి. ఇంటి కాటుకలో ప్రిజర్వేటివ్ ఉండదు, నెయ్యి కొన్నాళ్లకు ముక్కిపోతుంది. కాబట్టి ఒకేసారి బరిణె నిండా చేయకుండా చెంచాడు చేసుకోండి. తడి వేలు పెట్టకండి. మీ బరిణె మీకే ఉండాలి. వేలికి బదులు కడిగి ఆరబెట్టిన పుల్లతో తీసుకుని, కంటి లోపలి అంచుకు కాకుండా రెప్ప వెంట్రుకల బయటి వరసకు పెట్టుకోండి. వాసన మారగానే తీసేయండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సంతల్లో, తిరనాళ్లలో పొట్లం కట్టి, లేబుల్ లేకుండా అమ్మే సుర్మా కొనకండి. కొన్ని సుర్మాలు సీసం ఉన్న రాయిని నూరి చేసినవి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అది చూడ్డానికి మసి కాటుక లాగే ఉంటుంది, కంటితో తేడా పట్టలేం.

ప్ర: నేను పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. వార్షికోత్సవం రోజు పాతిక మందికి పైగా పిల్లలకు ఒకే పాన్‌కేక్, ఒకే స్పాంజి, ఒకే కాటుక పెన్సిలుతో మేకప్ వేయిస్తాం. పోయినసారి మర్నాడు కొంతమందికి కళ్లు ఎర్రబడ్డాయి. మాది చిన్న డ్యాన్స్ స్కూలు, తక్కువ ఖర్చులో మార్గం చెప్పండి.
(ఒక గురువుగారు, ఏలూరు)

జ: మీరు అడగడమే ఎంతో మేలు చేసింది. గ్రీన్‌రూమ్ మేకప్ గురించి ఆలోచించేవాళ్లు తక్కువ.

మొదటి దోషి స్పాంజి. 2019లో బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు జనం వాడేసిన లిప్‌స్టిక్‌లు, మస్కారాలు, ఐలైనర్లు, స్పాంజిలు తెప్పించి పరీక్షించారు. ఒక్కో రకంలో 79 నుంచి 90 శాతం దాకా వస్తువుల్లో బ్యాక్టీరియా కనబడింది. స్పాంజిల సంగతి మరీ ఘోరం. వాటిలో 93 శాతాన్ని కొన్నాక ఒక్కసారి కూడా కడగలేదట. అవి ఒక్కొక్కరు విడిగా వాడుకున్నవి. మీ గ్రీన్‌రూమ్‌లో అదే తడి స్పాంజి పాతిక ముఖాలు తిరుగుతోంది.

ఇలా చేయండి. పెద్ద స్పాంజి కొని, కత్తెరతో పిల్లకొక ముక్క కోయండి. ఒక్కో ముక్కను చిన్న కవరులో వేసి పేరు రాయండి. తడి స్పాంజిని నేరుగా పాన్‌కేక్ మీద రుద్దకండి. పొడి చెంచాతో కొంచెం గీకి, కడిగిన స్టీలు పళ్లెంలో వేసి, అక్కడ శుభ్రమైన నీళ్లతో కలుపుకోండి. అసలు పాన్‌కేక్ తడవకపోతే బూజు పట్టదు. తడిగా ఉండగానే మూత బిగించి మళ్లీ ఏడాదికి తీస్తే నల్లచుక్కలు కనబడేది అందుకే. లిప్‌స్టిక్ కొసను కత్తితో కోసి అదే పళ్లెంలో ఓ పక్కన పెట్టుకోండి. పిల్లకొక ఇయర్‌బడ్‌తో తీసి పెదవులకు వేసి, ఆ బడ్ పారేయండి. పారాణి గిన్నెలో మిగిలినది మళ్లీ సీసాలో పోయకండి.

కళ్లకు వేసేది మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని ముందే తల్లిదండ్రులకు చెప్పండి. చిన్న కాజల్ పెన్సిల్ ఖర్చు ఎవరికీ భారం కాదు. కూచిపూడికి కళ్లు పెద్దగా తీర్చాలి, నిజమే. ఆ గీత అంతా రెప్ప బయటి నుంచే తీర్చవచ్చు, స్టేజీ లైట్ల కింద తేడా తెలియదు. కళ్లు ఎర్రగా ఉన్న పిల్ల, పెదవి మీద పొక్కు ఉన్న పిల్ల వస్తే ఆఖర్న, విడి సామాన్లతో వేయండి. ప్రదర్శన అయ్యాక మేకప్‌తోనే నిద్రపోనివ్వకుండా, దూదికి కొబ్బరినూనె అద్ది తుడిచి, తర్వాత సబ్బుతో కడగమని ఇంటికి చెప్పి పంపండి.

ప్ర: నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇండియా వచ్చేటప్పుడు బంధువులకు లిప్‌స్టిక్‌లు, క్రీములు తెస్తుంటాను. వాటి మీద ఎక్స్‌పైరీ డేటు కనబడదు. ఎందుకని?
(ఒక పాఠకురాలు, అమెరికా)

జ: సౌందర్య సాధనాల మీద గడువు తేదీ వేయాలన్న నియమం అమెరికా చట్టంలో లేదు. అక్కడ సన్‌స్క్రీన్‌ను మందుగా లెక్కిస్తారు కాబట్టి దాని మీద సాధారణంగా తేదీ కనబడుతుంది. మిగతావాటికి తెరిచిన డబ్బా బొమ్మే ఆధారం. మీరు కొన్న నెలను కవరు మీద రాసి ఇవ్వండి. ఇక్కడివాళ్లు ఫారిన్ వస్తువు అని అపురూపంగా ఏళ్ల తరబడి దాచుకుంటారు. ‘దాచకండి, వాడేయండి’ అని కూడా మీరే చెప్పాలి.

ప్ర: హాస్టల్లో నలుగురం ఒకే కాజల్, లిప్‌స్టిక్ వాడతాం. మాలో ఒకమ్మాయికి కళ్లకలక వచ్చి తగ్గింది. ఆ కాజల్ వాడొచ్చా?
(ఒక విద్యార్థిని, వరంగల్)

జ: వద్దమ్మా. కళ్లకలక ఉన్నప్పుడు, దానికి ముందు రోజుల్లో కంటికి తాకిన ప్రతి వస్తువూ పారేయండి. 2023 వానాకాలంలో హాస్టళ్లలో కళ్లకలక ఎలా పాకిందో మీకు గుర్తుండే ఉంటుంది. లిప్‌స్టిక్ కూడా పంచుకోవద్దు, పెదవి పొక్కుల వైరస్ అలాగే అంటుకుంటుంది. దుకాణంలో టెస్టర్లను మణికట్టు మీద చూసుకోండి, పెదవికి, కంటికి తాకించకండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు మీలో ఉంటే, లెన్సు పెట్టాకే మేకప్ వేసుకోవాలి, లెన్సు తీశాకే మేకప్ తుడుచుకోవాలి.

ప్ర: గోళ్లరంగు చిక్కబడితే రిమూవర్ కలపవచ్చా? ఎండిన మస్కారాలో నీళ్లు పోయవచ్చా?
(ఒక పాఠకురాలు, నంద్యాల)

జ: రెండూ వద్దు. రిమూవర్ రంగును విరగ్గొడుతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు వేసి సీసాను అరచేతుల మధ్య దొర్లించండి. సీసా మూతి చుట్టూ గడ్డకట్టిన రంగు తుడిచి మూత బిగిస్తే మళ్లీ అంత త్వరగా చిక్కబడదు. గోళ్లరంగు, థిన్నర్, రిమూవర్ మూడూ ఇట్టే అంటుకునే ద్రవాలు. పొయ్యి గట్టు మీద, దేవుడి దీపం పక్కన ఉంచకండి. మస్కారాలో నీళ్లు పోస్తే ప్రిజర్వేటివ్ పలచబడి, కొళాయి నీళ్లలోని సూక్ష్మజీవులు కూడా చేరతాయి. ఎండిపోయిందంటే కొత్తది కొనుక్కోండి, ఈసారి చిన్న గొట్టం తీసుకోండి.