ట్రాలీ ఇనుప భాగములకు పట్టిన తుప్పును ఇంటియొద్దనే వదల్చు విధము

ఇనుమునకు తుప్పు చేనికి చీడవంటిది. మొదట చిన్నదిగా కనబడి, అలక్ష్యము చేసినచో లోలోపల తినివేయును. వానకాలమంతయు ఆరుబయట నిలిచిన ట్రాలీపై కోతల నాడు ధాన్యపు బస్తాల నెత్తుదుము. అప్పటి లాగుడంతయు ట్రాక్టరుతో దానిని కలుపు పిన్నుమీదనే పడును. అది విరిగినచో ప్రాణహానియే కలుగవచ్చును. కావున తుప్పు వదల్చుట సొగసు కొఱకు గాదు, లోపలి ఉక్కు ఎట్లున్నదో చూచుట కొఱకు.

నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ రెండును ఇనుమును చేరినగాని తుప్పు పుట్టదు. తుప్పు గుల్లగా నుండి పొరలుగా ఊడును. అడుగునున్న ఇనుము మరల తేమ పాలగును. ఎరువులలోని లవణములు తేమను పట్టియుంచి యీ చెఱుపును త్వరపఱచును. పొటాషు, యూరియా మోసిన ట్రాలీని ఆనాడే కడుగవలెను.

చేయవలసిన పని యిది:

1. ట్రాలీని ఖాళీచేసి, చక్రములకు అడ్డు పెట్టి, ముందుభాగమును గట్టి దిమ్మపై నిలిపిన పిమ్మటనే పిన్నును తీయవలెను. గ్రీజును డీజిలుతో తుడిచి, సబ్బునీట కడుగవలెను. దాపున నిప్పు, చుట్ట ఉండరాదు.

2. పిన్నును, స్ప్రింగులను, బేరింగులను పులుపునీట నానవేయరాదు. పిన్నును తీగెల బ్రష్షుతోను గరుకు కాగితముతోను రుద్దవలెను.

3. వెనుక తలుపు కీళ్లు, గడియలు, వాషర్లవంటి చిన్న వస్తువులను ప్లాస్టిక్ బకెట్టులో, లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి నానవేయవలెను. నడుమ నడుమ చూచుచుండవలెను. ఒక రాత్రికి మించరాదు. చింతపండు పులుసును పనిచేయును గాని, నెమ్మదిగా. జింకు పూత గలవానిని అందు వేయరాదు, పూత కరగిపోవును. బ్లీచింగు పొడి కలిపిన విషవాయువు పుట్టును.

4. పిదప బ్రష్షుతో రుద్ది కడిగి, వంటసోడా నీట ముంచి, మరల కడిగి, వెంటనే తుడిచి ఎండబెట్టవలెను. తడి నిలిచినచో తుప్పు మరల పట్టును. వాడిన నీటిని పశువులు త్రాగు తావున పోయరాదు.

5. కదలు భాగములకు గ్రీజు, కదలనివానికి రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిమ్మట రంగు వేయవలెను. బ్రేకులకు నూనె తగులనీయరాదు.

ఒక రైతు తన పాత పిన్నుకు రంగు పూసి, మంచిదని నమ్మియుండెను. నేను గీకి చూడగా నడుమ వెండ్రుకవాసి పగులు కనబడెను. ఆ రాత్రియే అతడు ధాన్యము తోలవలసియుండెను! పగులుగాని, లోతైన గుంటలుగాని, వంపుగాని, అరుగుదలగాని కనబడిన పిన్నును వెల్డింగు చేయించి వాడరాదు, క్రొత్తది కొనవలెను. తుప్పును వదల్చగలముగాని, తుప్పు తినివేసిన ఉక్కును తిరిగి తేలేము.

కోతలకు ముందు ఒక్కపూట యీ పనికి కేటాయింపుడు. పిన్ను వెల స్వల్పము. ట్రాలీ వెనుక నడచువారి ప్రాణమునకు వెల లేదు.