ఆ రెండో లివర్‌నూ ఒకసారి కదిలించండి

రోహిణి కార్తెలో ట్రాక్టరుకు పెద్దగా పనుండదు. మిర్చి టిక్కీలు యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో చేరిపోయి ఉంటాయి. పత్తి మోళ్లు తీయించి వేసవి దుక్కి దున్నించినవాళ్లకు ఆ పనీ అయిపోయింది. తొలకరి పడితేగానీ మళ్లీ గొర్రు దిగదు. ఈ రోజుల్లో డీజిల్ ఫిల్టరు చూసుకోండి, ఇంజనాయిలు మార్పించండి, బ్యాటరీలో నీళ్లు పోయండి అని ఏటా చెప్పే మాటలు మీకు కంఠతా వచ్చేసి ఉంటాయి. ఈసారి వాటిని వదిలేసి ఒక్క సంగతే చెప్పుకుందాం. సీటు పక్కన కింద, దుమ్ము పట్టి, ఏడాదిలో పట్టుమని పది రోజులైనా కదలని ఫోర్‌వీల్ డ్రైవ్ లివర్ సంగతి.

తెనాలి, పొన్నూరు, బాపట్ల వైపు వరి రైతులు దమ్ము కోసం ఫోర్‌వీల్ బండి కొన్నారు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, చిలకలూరిపేట నల్లరేగడిలో, ఒక్క వాన పడితే బండి దిగబడిపోతుందని కొన్నారు. పత్తి, మిర్చి చాళ్ల మధ్య పాట్లకీ మందు కొట్టడానికీ చిన్న ట్రాక్టర్లు కొన్నవాళ్లవీ ఎక్కువగా ఫోర్‌వీలే. కొనేటప్పుడు అదనంగా డబ్బు పోసింది ముందు చక్రాలు కూడా లాగుతాయనే. తీరా జనవరి నుంచి మే దాకా ఆ బండి చేసేదంతా ట్రక్కులో టిక్కీలేసుకుని తారురోడ్డు మీద తిరగడం. అక్కడ ఆ లివర్‌తో పని లేదు, ఉండకూడదు కూడా.

అవసరం మాత్రం చెప్పి రాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలో పత్తి, మిర్చి ఉన్నాయి, వరి కుప్పలూ ఉన్నాయి. అలాంటి వారంలో మడమ లోతు రేగడి బురదలో బండి దించి, లివర్ లాగితే రాకపోవడం, లేదా వచ్చినట్టే వచ్చి ముందు చక్రాలు తిరగకపోవడం జరిగితే, అప్పుడు మెకానిక్ దొరకడు. ఆటోనగర్‌లో అప్పటికే బళ్లు బారులు తీరి ఉంటాయి.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే మిగతాది సులువు. గేరుబాక్సు కింద నుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ముందు యాక్సిల్‌కి వెళుతుంది. అక్కడ క్రౌను, పినియను, డిఫరెన్షియల్. రెండు చివర్లా హబ్బుల్లో మళ్లీ గేర్లు. లివర్ చేసే పని ఒక్కటే, వెనక గేరుబాక్సు దగ్గర ఒక పళ్ల కాలరును జరిపి షాఫ్టును కలపడం, విడదీయడం. లివర్ తీసేసినా ముందు చక్రాలు నేల మీద తిరుగుతూనే ఉంటాయి కదా, వాటితోపాటు హబ్బు గేర్లు, క్రౌను, పినియను, షాఫ్టు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. లాగే బరువు మాత్రం వాటి మీద పడదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఫోర్‌వీల్ వాడలేదు కాబట్టి ముందు యాక్సిల్ ఆయిలు కొత్తగానే ఉంటుందనుకుంటారు. మొన్నటి సీజనంతా చిలకలూరిపేట నుంచో, అద్దంకి నుంచో యార్డుకు తిరిగిన బండి ముందు గేర్లు దున్నకంలో కన్నా వేగంగా తిరిగాయి. వాడనిది లివర్, యాక్సిల్ కాదు. అందుకని ఆయిలు మార్పు లెక్క బండి గంటల మీటరును బట్టి చూడాలేగానీ, లివర్ ఎన్నిసార్లు లాగామన్నదాన్ని బట్టి కాదు. ఎన్ని గంటలకో, ఏ రకం ఆయిలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. కొన్ని బళ్లకు గేరాయిలు, కొన్నిటికి వెనక గేరుబాక్సుకీ హైడ్రాలిక్‌కీ పోసే ఆయిలే. పక్కింటి బండికి పోసింది మనకూ పోయొచ్చనుకోకండి.

ఇక కదలక చెడేవి వేరు. లివర్ కడ్డీ, దాని పిన్నులు, లోపలి ఫోర్కు, కాలరు పళ్లు, షాఫ్టు జారే గాళ్లు. బయట ఉన్నవాటికి బురద పట్టి, ఎండి, తుప్పెక్కుతుంది. యూరియా, డీఏపీ బస్తాలు మోసే బండైతే ఆ పొడి తేమను పీల్చుకుని ఇనుమును ఇంకా తొందరగా తింటుంది. ఎరువు దింపిన రోజు కింద భాగం కడిగితే సగం బాధ తప్పుతుంది. కడిగేటప్పుడు సర్వీసింగ్ పంపు జోరును మాత్రం హబ్బు సీళ్ల మీదికి పెట్టొద్దు, నీరు లోపలికి పోతుంది. ముందు కడిగి, ఆరాక గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. షాఫ్టు క్రాసులకు నిపుళ్లుంటే వాటిని, యాక్సిల్ మధ్య పిన్నును, కింగ్‌పిన్నులను డ్రైవర్లు తరచూ వదిలేస్తుంటారు. బండి కింద వెల్లకిలా పడుకుంటేగానీ అవి కనపడవు మరి.

నెలకోసారి లివర్ వేసి కొంతసేపు నడపడమే దీనికి అసలు మందు. తారు మీద కాదు, దున్నిన చేలోనో, మెత్తటి పుంతలోనో. బండి ఆపి, చక్రాలు నిటారుగా ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి లివర్ వేయండి. పళ్లకు పళ్లు అడ్డుపడి రాకపోతే బలవంతం చేయకుండా క్లచ్ కొద్దిగా వదిలి బండిని ఒక అడుగు కదిలిస్తే కూర్చుంటుంది. వెనక చక్రాలు జారి తిరుగుతుండగా లివర్ లాగడం మాత్రం పళ్లు విరగ్గొట్టుకోవడమే. దిగబడ్డాక కంగారులో అందరూ చేసేది అదే. వేశాక గుంటక తగిలించి పది పదిహేను నిమిషాలు లాగించండి, బరువు పడితేనే లోపల పళ్లు సరిగ్గా ఒకదానికొకటి ఆనతాయి. తీసేటప్పుడు లివర్ బిగుసుకుంటే సుత్తి అందుకోకండి. బండిని నిటారుగా నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే మెలి వదులై దానంతటదే వస్తుంది.

ఆ మెలి ఎందుకొస్తుందో తెలిస్తే తారురోడ్డు మీద ఎందుకు వద్దంటున్నామో అర్థమవుతుంది. ముందు చక్రాలు వెనకవాటికంటే ఒకటి నుంచి ఐదు శాతం దాకా ఎక్కువ దూరం తిరిగేలా తయారీలోనే గేర్లు పెడతారు. అలా ఉంటేనే చేలో ముందు చక్రం లాగుతుంది. మెత్తటి నేల మీద ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు మీద జారుడు ఉండదు. ఆ తేడా అంతా షాఫ్టు మీద, క్రౌను పినియను మీద మెలికగా పడుతుంది, మిగిలింది ముందు టైరు గుబ్బలను అరగదీస్తుంది. పొలం నుంచి రోడ్డెక్కేటప్పుడు లివర్ తీయడం మరచిపోయిన బండిని టైర్లు చూసి చెప్పేయొచ్చు.

టైర్ల దగ్గరే ఇంకో చిక్కు. వెనకవి కొత్తవి వేయించి, ముందువి అరిగినవే ఉంచితే ఆ ఒకటి నుంచి ఐదు శాతం లెక్క తారుమారై, ముందు చక్రాలు లాగడం పోయి వెనక్కి పట్టడం మొదలెడతాయి. ముందు టైర్లు ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే డిఫరెన్షియల్‌కు తీరిక ఉండదు. సైజు కాస్త అటూఇటూ అయినా పర్లేదండీ అనే అంగడివాడి మాట వెనక చక్రాలే లాగే బండికి చెల్లుతుందేమోగానీ దీనికి చెల్లదు. ట్రాక్టరు టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతమైంది, మార్చదలచుకుంటే జతగా మార్చండి.

సైజు కుదిరిందో లేదో చూసుకోవడానికి సుద్దముక్క చాలు. వెనక టైరు మీద, ముందు టైరు మీద ఒక్కో గీత గీయండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, గట్టి మట్టి బాట మీద, లివర్ తీసేసి, వెనక చక్రం సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా బండిని మెల్లగా పోనిచ్చి ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన నడిచే మనిషిని లెక్కపెట్టమనండి. అదే దారిలో లివర్ వేసి మళ్లీ లెక్కపెట్టండి. మొదటిసారి 13 చుట్లు, రెండోసారి 13.4 వచ్చాయనుకుందాం. తేడా 0.4. దాన్ని 13తో భాగిస్తే మూడు శాతం, బాగున్నట్టే. ఆ శాతం సున్నాకి వచ్చినా, ఐదు దాటినా టైర్ల జత కుదరలేదన్నమాట.

ఇప్పుడు ఆయిలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే స్టార్టు చేయకముందే చూడాలి. ఒక డబ్బా కింద పెట్టి హబ్బు అడుగు ప్లగ్గును కొద్దిగా, పూర్తిగా కాదు, వదులు చేయండి. నీరు ఆయిలు కన్నా బరువు, రాత్రికి అడుగు చేరి ఉంటుంది, ఉంటే ముందు అదే వస్తుంది. తర్వాత వచ్చిన నాలుగు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూడండి. పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీరు కలిసిందని. గరగరలాడితే మట్టి పోయిందని. ఎండలో తళుక్కుమనే సన్నటి పొడి కొద్దిగా ఉండటం మామూలే, వేలికి గుచ్చుకునే పలుకులు వస్తే మాత్రం హబ్బు విప్పించాల్సిందే. రెండు హబ్బులూ, మధ్య బొడిపె, మూడూ విడివిడిగా చూడాలి. చాలా బళ్లలో వాటి ఆయిలు వేరువేరు, ఒకటి బాగుంటే మిగతావీ బాగున్నట్టు కాదు.

నీరు ఎలా పోతుందంటే, యాక్సిల్ పైన బ్రీదర్ అని చిన్న ముక్కు ఉంటుంది. నడిచి వేడెక్కినప్పుడు లోపలి గాలి అందులోంచి బయటికి పోవాలి. అది బురదతో మూసుకుపోతే, లేదా ఎండాకాలం కందిరీగ దాని మీద మట్టిగూడు కడితే, గాలి సీళ్లను నెట్టుకుని పోతుంది. వేడి మీదున్న బండిని దమ్ము మడిలోకి దించగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, అదే సీలు సందులోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. పది నిమిషాల పని అది, బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగి నోటితో ఊదితే గాలి ఆడాలి. డెల్టాలో దమ్ముకు కిరాయికి తిరిగే బళ్లవాళ్లు ఈ ఒక్క సంగతి మరవకపోతే సీళ్ల ఖర్చు చాలా తగ్గుతుంది.

మెట్ట వైపు సీళ్లకు శత్రువు వేరే. మిర్చి చేలో మల్చింగ్ షీటు చింపులు, డ్రిప్ లాటరల్ ముక్కలు, టిక్కీలు కుట్టగా మిగిలిన సుతిలి, ఇవన్నీ చక్రానికి చుట్టుకుని హబ్బు వెనక సందులోకి పోతాయి. పైకి ఏమీ కనపడదు. చక్రం పూర్తిగా పక్కకు తిప్పించి, లోపలివైపు టార్చి వేసి చూస్తే నల్లగా గట్టిపడ్డ చుట్ట ఒకటి కనిపిస్తుంది. దాన్ని కత్తితో కోసి తీయండి, పట్టి లాగొద్దు, లాగితే దాంతోపాటు సీలు అంచూ చిరుగుతుంది. పత్తి మోళ్ల మీద నడిచిన బండికి యాక్సిల్ అడుగున గీతలు, నిపుళ్లు విరగడం కూడా చూసుకోవాలి.

ఇంతా చేశాక, లివర్ వేస్తే నిజంగా పట్టిందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. గట్టి నేల మీద బండి ఆపి, ఇంజను కట్టేసి, గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. ముందు చక్రం ఒక్కదాన్నే జాకీ మీద లేపండి, యాక్సిల్ కింద దిమ్మె ఆధారంగా పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కింద దూరకూడదు. లివర్ తీసి ఉన్నప్పుడు ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి, కింద షాఫ్టూ తిరగాలి. లివర్ వేశాక కొద్దిపాటి ఆటతో ఆగిపోవాలి. వేసినా తిరుగుతుంటే, షాఫ్టు కూడా తిరుగుతోందా చూడండి. తిరుగుతుంటే కాలరు పట్టలేదు, తప్పు వెనక ఉంది. షాఫ్టు నిలిచి చక్రం మాత్రం తిరుగుతుంటే తప్పు ముందు యాక్సిల్‌లో. ఈ ఒక్క ముక్క మెకానిక్‌కు చెప్పగలిగితే అతను విప్పేది సగమే ఉంటుంది, కూలీ కూడా.

నెలకోసారి లివర్ వేయమంటే, ‘ఎందుకండీ, డీజిల్ తాగుద్ది’ అంటారు డ్రైవర్లు. తేలిక పనిలో అది నిజమే. కానీ రేగడిలో తొలకరి దుక్కికి వెనక చక్రం బాగా జారుతుంటే తాగేది ఆ జారుడే. చేలో దున్నేటప్పుడు జారుడు 8 నుంచి 15 శాతం మధ్య ఉంటే బండి సరిగ్గా లాగుతున్నట్టు. అంతకు మించుతోందనిపిస్తే లివర్ వేసి చూడండి, డీజిల్ పొదుపవుతుంది.

పట్నంలో ఉండి ఊళ్లో పొలం చూసుకునేవాళ్లకు ఇంకో మాట. ఇంటిముందున్న ఫోర్‌వీల్ జీపుకీ ఇదే వర్తిస్తుంది. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పటి నుంచీ మన రోడ్ల మీద ఆ జాతి బళ్లున్నాయి. ముందు హబ్బులను విడదీసే వీలున్న పాత జీపులైతే ట్రాక్టరుకన్నా జాగ్రత్త కావాలి. హబ్బు విడదీస్తే వాటిలో ముందు గేర్లు అసలు తిరగవు, ఆయిలు అడుగుకు దిగి పై పళ్లు పొడిబారతాయి. శనివారం పొలం వెళ్లినప్పుడు తారు దిగాక హబ్బులు కలిపి, ఫోర్‌వీల్ వేసి డొంకలో నాలుగు కిలోమీటర్లు నడపండి.

ఊరి కుర్రవాళ్లకు ఈ పని నేర్పించాలనుకుంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, సంరక్షణ, మరమ్మతుల మీద అక్కడ తరగతులు నడుస్తాయి.

చివరగా, ముందు యాక్సిల్‌కు ఏ ఆయిలు, మధ్యకెంత, హబ్బుకెంత, ఏ నెలలో ఎన్ని గంటల మీద పోశారు, ఇవన్నీ మడ్‌గార్డు లోపలివైపు తెల్ల పెయింటుతో రాయించండి. డ్రైవర్లు మారుతుంటారు, కంపెనీ పుస్తకం సీటు కింద ఎలుకల పాలవుతుంది.